ఒకే పురుగు, రెండు ప్రోగ్రాములు

కిందటి ఫిబ్రవరిలో పదిరోజుల తేడాతో ఇద్దరు మిత్రులు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. ఇద్దరూ బ్రిస్బేన్‌లోనే సాఫ్ట్‌వేర్ వుద్యోగాలు చేసుకుంటూ, శని ఆదివారాల్లో పెరటి సేద్యం చేసేవాళ్ళు. ఒకాయన చిలగడదుంప వేశారు. తీగ మీద వేలెడు పొడుగు పురుగు, తోక దగ్గర కొమ్ముతో సహా, చేరి ఆకులన్నీ తినేస్తోంది, ఏ మందు కొట్టమంటారు అని అడిగారు. రెండో ఆయన బొప్పాయి వేశారు. చెట్లు బాగానే పూస్తున్నాయి గాని కాయ నిలవడం లేదు, ఏ ఎరువు వెయ్యమంటారు అని అడిగారు. ఈయన సంగతి ఆయనకి తెలియదు, ఆయన సంగతి ఈయనకి తెలియదు. తమాషా ఏమిటంటే ఈ రెండు ప్రశ్నలకీ మధ్య ఒకే ప్రాణి వుంది. ఒకాయన చంపుదామనుకుంటున్నదీ, రెండో ఆయనకి బహుశా కావలసినదీ అదే!

సాంకేతిక శీర్షికలో ఈ పురుగుల గోల ఏమిటంటారా? బగ్గుల గురించి మాట్లాడుకోకుండా మనకి ఏ వారం గడిచింది కనక! పైగా ఈ పురుగుల కుటుంబం మామూలు కుటుంబం కాదు. ఎగిరే రోబోలు చేసేవాళ్ళు, మెదడు మీద పరిశోధన చేసేవాళ్ళు, పురుగుల మందులు తయారుచేసేవాళ్ళు అందరూ దీని మీద పడ్డారు. వాళ్ళు కనిపెట్టిన సంగతుల్లో కొన్ని మన వృత్తివాళ్ళకి వెంటనే బుర్రకెక్కేవి.

ముందు పేరు సంగతి చూద్దాం. ఇంగ్లీషులో దీన్ని కన్వాల్వులస్ హాక్ మాత్ అంటారు. హాక్ అంటే డేగ. మాత్ అన్నదానికి మనకి 'శలభం' అన్న చక్కటి మాట వుంది కనక డేగ శలభం అనుకుందాం. శాస్త్రీయ నామం అగ్రియస్ కన్వాల్వులై. 1758లో లిన్నేయస్ దీనికి పెట్టిన పేరు స్ఫింక్స్ కన్వాల్వులై. ఈ కుటుంబంలో గొంగళిపురుగుల్ని కదిలిస్తే ఒంటి ముందు భాగం పైకెత్తి, తల లోపలికి ముడుచుకుని, బిగుసుకుపోయి కూర్చుంటాయి. ఆ కూర్చోవడం ఈజిప్టులోని స్ఫింక్స్ విగ్రహంలా వుంటుందని ఆ పేరు. ఇక రెండో మాట అది తినే మొక్కల కుటుంబాన్ని బట్టి వచ్చింది. మన తూటికూర, సముద్రపు ఒడ్డున ఇసకలో పాకే బాలబంద తీగ, కంచెలకెక్కే ఊదాపూల మార్నింగ్ గ్లోరీ, చిలగడదుంప అన్నీ ఆ కుటుంబమే. (చిలగడదుంప అంటున్నాను గాని రాయలసీమ వాళ్ళు గెనుసుగడ్డ అనుకోండి, తెలంగాణ వాళ్ళు కందగడ్డో మోరంగడ్డో అనుకోండి. పురుగుకి మాత్రం ఈ మాండలికాల గొడవ లేదు, ఎక్కడైనా ఒకేలా తింటుంది.)

ఇక్కడ బ్రిస్బేన్‌లో కనిపించే ఈ శలభం, మన వైపు చిలగడదుంప, మినుము, పెసర చేలల్లో కనిపించే శలభం ఒకటే జాతి. ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవులు అన్నిట్లోనూ వుంది. ఏటా ఆఫ్రికా నుంచి ఐరోపాకి వలస ఎగురుతుంది. వేసవి చివర్లో ఇంగ్లండులో వున్న మనవాళ్ళకి కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది. వీసా స్టాంపింగు, క్వారంటైను ఫారాలు లేని ప్రాణం మరి. అగ్రియస్ గోడార్టి అని ఆస్ట్రేలియాకే సొంతమైన తమ్ముడొకడు కూడా దీనికి వున్నాడు. అమెరికాలో వున్నవాళ్ళకి దీని అక్కడి చుట్టం అగ్రియస్ సింగులేటా కనబడుతుంది. అంతకంటే బాగా తెలిసినది టొమాటో మొక్కల్ని నున్నగా మేసేసే హార్న్‌వర్మ్. అదీ ఈ కుటుంబమే, పేరు మండూకా. మనకి మండూకం అంటే కప్ప గాని, లాటిన్‌లో ఆ మాట నమలడం నుంచి వచ్చింది, అర్థం తిండిపోతు. కింద నేను చెప్పబోయే ప్రయోగాల్లో చాలావాటిని ప్రయోగశాలల్లో ఈ మండూకా సెక్స్‌టా మీద చేశారు. 1994లో జపాన్ శాస్త్రవేత్తలు మన అగ్రియస్‌ని కూడా కృత్రిమాహారంతో ప్రయోగశాలలో తరతరాలుగా పెంచే పద్ధతి ప్రచురించారు గాని, అప్పటికే మండూకా దశాబ్దాల పాటు ప్రయోగశాలల్లో పాతుకుపోయింది. రెంటికీ దగ్గరి చుట్టరికమే కనక ఒకదాని సంగతి రెండోదానికి చాలామటుకు పనికొస్తుంది. ఎక్కడ ఏ పురుగు సంగతో చెబుతూ వస్తాను.

తల్లి శలభం ఆకు మీద ఒక్కొక్కటిగా లేత ఆకుపచ్చ గుడ్లు పెడుతుంది. ఒక్కోటి మిల్లీమీటరు. ఇక్కడి వేసవిలో, అంటే మనకి సంక్రాంతి రోజుల్లో, నాలుగైదు రోజుల్లో పిల్ల బయటికి వస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని డింభకం అన్నారు. డింభకం పని ఒక్కటే, తినడం. చర్మం సాగదు కనక నిండినప్పుడల్లా పాత చొక్కా విప్పి పెద్దది తొడుక్కుంటుంది. ఇలా అయిదు దశలు. ప్రయోగశాలలో మండూకా పిల్ల మూడు వారాల లోపే ఒక మిల్లీగ్రాము నుంచి పది గ్రాములు అవుతుంది. పదివేల రెట్లు! ఆ తూకంలో చాలా భాగం అయిదో దశలోనే వస్తుంది. దీని వల్ల ఒక చిక్కుంది. మొదటి నాలుగు దశల్లో అది మీ పెరట్లోనే వున్నా మీకు తెలియదు. నిన్న బాగున్న తీగ ఇవాళ ఈనెలతో మిగిలిందంటే పురుగు నిన్న వచ్చినట్టు కాదు, పదిహేను రోజులుగా వుంది. మీరు చూసేసరికి దాని తిండి దాదాపు అయిపోవచ్చింది కూడా. చాలామంది మందు కొట్టేది సరిగ్గా అప్పుడే. అదీ విషయం.

పురుగు రంగు చూసి కంగారు పడనక్కరలేదు. ఒకటి పచ్చగా, పక్కల ఏటవాలు చారలతో వుంటుంది. ఇంకొకటి ముదురు గోధుమరంగులో వుంటుంది. రెండూ అదే. తోక మీద కొమ్ము చూసి కుడుతుందని పిల్లల్ని దూరం లాగుతారు గాని ఆ కొమ్ము మెత్తన, ఎవర్నీ ఏమీ చెయ్యదు. ఆకుల కింద మిరియాలంత నల్లటి ఉండలు కనబడితే తల పైకెత్తి వెతకండి, సరిగ్గా దాని పైనే వుంటుంది.

ఇప్పుడు అసలు కథ. తింటూ తింటూ వున్న పురుగు ఒక రోజు తినడం మానేసి మట్టిలోకి దిగిపోతుంది. ఆ రోజు వచ్చిందని దానికి ఎవరు చెప్పారు?

పురుగు ఒంట్లో రెండు ముఖ్యమైన హార్మోనులున్నాయి. ఎక్డైసోన్ అనేది 'చర్మం మార్చు' అని చెబుతుంది. జువెనైల్ హార్మోన్ అనేది 'ఇంకా పిల్లవే' అని చెబుతుంది. మొదటిది ఆజ్ఞ, రెండోది జెండా. ఎక్డైసోన్ పొంగినప్పుడు జెండా పైకి వుంటే ఇంకో పెద్ద గొంగళిపురుగు వస్తుంది. జెండా దిగిపోయి వుంటే ప్యూపా వస్తుంది. అదే ఫంక్షను, ఒక్క బూలియన్ తేడా. ఆ జెండాని దించేది ఏమిటో 1974లో నైహౌట్, విలియమ్స్ అనే ఇద్దరు మండూకా మీద తేల్చారు. చివరి దశలో పురుగు ఒక నిర్ణీతమైన తూకం దాటాలి. అది దాటకముందు పస్తు పెడితే రూపాంతరం వాయిదా పడుతుంది. దాటిన తరవాత పస్తు పెడితే వాయిదా పడదు. అనుకున్న సమయానికే మారుతుంది, కాకపోతే శలభం చిన్నదిగా వస్తుంది. ఆ గీత దాటాక వెనక్కి రావడం లేదన్నమాట.

అంతకన్నా నాకు నచ్చినది దాని తరవాతి మెట్టు. జువెనైల్ హార్మోన్ తగ్గిపోయిందని తెలిసినా మెదడు వెంటనే తరవాతి హార్మోనుని వదలదు. రాత్రి వేళ ఒక కిటికీ తెరుచుకుంటుంది, ఆ కాస్త సమయంలోనే వదులుతుంది. ఇవాళ్టి కిటికీ మూసుకుపోయాక తయారైతే రేపు రాత్రి దాకా ఆగాల్సిందే. పురుగు ఆ ఒక్క రోజూ కూర్చుని తింటూనే వుంటుంది. ఇదీ 1974లోనే ట్రూమన్, రిడ్డిఫోర్డ్ దంపతులు చూపించారు. యునిక్సు మీద పని చేసినవాళ్ళకి క్రాన్ జాబ్ గుర్తొస్తే తప్పు నాది కాదు.

తిండి మానేసిన పురుగు చెట్టు దిగి నేల మీద గబగబా పాకుతుంది. మెత్తటి మట్టి దొరికిన చోట తవ్వుకుని లోపల చిన్న గది చేసుకుంటుంది. పట్టుపురుగులాగా గూడు అల్లుకోదు. అక్కడే ఆఖరి చొక్కా విప్పి ప్యూపా అవుతుంది. ఎర్రమట్టి రంగు, నిగనిగలాడే పెంకు. ముందు వైపు ఏనుగు తొండంలా వంగిన ఒక గొట్టం, కూజాకి చెవి పెట్టినట్టు. దుంపలు తవ్వేటప్పుడు ఇది బయటపడితే ఏదో పాత లోహపు వస్తువు అనుకునేవాళ్ళున్నారు. ఆ తొండం లోపల తయారవుతున్నది శలభం నాలుక. ఒళ్ళంత పొడుగు నాలుక కనక పెంకు లోపల పట్టక, బయటికి ఒక తొడుగు పెట్టవలసి వచ్చింది.

ప్యూపా లోపల ఏం జరుగుతుందని ఎవరినడిగినా 'అంతా కరిగి పులుసైపోతుంది, ఆ పులుసులోంచి శలభం తయారవుతుంది' అంటారు. సగమే నిజం. కండరాలు చాలా కరిగిపోతాయి. పేగు మారిపోతుంది. కానీ మొత్తం కరిగిపోదు. 2013లో మాంచెస్టర్‌లో కొందరు బతికున్న సీతాకోకచిలుక ప్యూపాలని ఎక్స్‌రే సి.టి. స్కానుతో రోజురోజుకీ ఫొటోలు తీశారు. ఊపిరి గొట్టాలు మొదటి రోజు నుంచీ చెక్కుచెదరకుండా వున్నాయి. ఇక నరాల సంగతి మరీ విచిత్రం. మండూకా గొంగళిపురుగు కాళ్ళని నడిపించే నరకణాల్లో కొన్ని చావవు. తమ పాత కొమ్మల్ని తామే కత్తిరించుకుని, కొత్త కొమ్మలు వేసుకుని, శలభం ఒంట్లో వేరే కండరాలకి కలుపుకుంటాయి. పాత ఇంట్లో కాపురం వుంటూనే ఇల్లు కట్టుకున్నట్టు. మన భాషలో చెప్పాలంటే ఇది డిస్కు ఫార్మాట్ చేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యడం కాదు, సర్వరు ఆపకుండా చేసే అప్‌గ్రేడు.

అయితే వెంటనే ఇంకో ప్రశ్న పుడుతుంది. డిస్కు ఫార్మాట్ కాకపోతే పాత డేటా వుండాలి కదా? గొంగళిపురుగుగా నేర్చుకున్నది శలభానికి గుర్తుంటుందా?

2008లో వాషింగ్టన్ జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో బ్లాకిస్టన్, కేసీ, వైస్ అనే ముగ్గురు ఇదే అడిగారు. మండూకా గొంగళిపురుగులకి ఇథైల్ ఎసిటేట్ వాసన చూపించి (గోళ్ళరంగు చెరిపే ద్రవంలో వచ్చే వాసన), చూపించినప్పుడల్లా చిన్న కరెంటు షాకు ఇచ్చారు. వై ఆకారపు గొట్టంలో పెడితే అవి ఆ వాసన లేని కొమ్మలోకి పోవడం నేర్చుకున్నాయి. తరవాత వాటిని ప్యూపాలు కానిచ్చి, శలభాలై రెక్కలు వచ్చాక మళ్ళీ అదే పరీక్ష పెట్టారు. అయిదో దశలో పాఠం నేర్చుకున్నవాటిలో నూటికి 77 ఆ వాసనకి దూరం జరిగాయి. మూడో దశలో నేర్చుకున్నవి మర్చిపోయాయి. ఒంటికి అంటుకున్న వాసన వల్ల ఇలా జరిగిందేమో అన్న అనుమానం కొట్టెయ్యడానికి ప్యూపాలని కడిగి కూడా చూశారు, పాఠం నేర్పని పురుగుల ప్యూపాలకి వాసన పూసి కూడా చూశారు. తేడా రాలేదు. మెదడులో ఆలస్యంగా పుట్టిన కణాలు రూపాంతరాన్ని దాటి మిగిలిపోతాయి కనక ఆలస్యంగా నేర్చుకున్నదే మిగిలిందని వాళ్ళ వివరణ. నాకీ ప్రయోగం చదివిన ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. కాళ్ళు పోయాయి, నోరు పోయింది, కళ్ళు కొత్తవి, తిండి వేరు, అయినా ఒక చేదు జ్ఞాపకం మాత్రం అవతలి ఒడ్డుకి చేరింది.

వేసవిలో రెండు మూడు వారాలు, చలి పడితే నెలల తరబడి మట్టిలో వుండి, శలభం పెంకు పగలగొట్టుకుని పైకి వస్తుంది. తడి రెక్కల్ని ఆరబెట్టుకుంటుంది. నాలుక అప్పటికి రెండు సగాలుగా వుంటుంది. వాటిని జిప్పు వేసినట్టు కలుపుకుంటే గొట్టం తయారవుతుంది. పగలు చూస్తే చెట్టు బెరడులో కలిసిపోయే బూడిదరంగు. రెక్క ఎత్తితే మాత్రం పొట్ట మీద గులాబీ, నలుపు పట్టీలు. ఎగిరే ముందు కాసేపు నిలబడి రెక్కలు వణికిస్తుంది. అది భయం కాదు, ఇంజను వేడెక్కించడం. ఎగిరే కండరాలు మన ఒంటి వేడికి దగ్గరగా వచ్చేదాకా అది నేల వదలలేదు. చలి రక్తపు ప్రాణి అని పుస్తకంలో చదువుకున్నాం గాని ఎగురుతున్నంతసేపూ దీని రొమ్ము మనంత వేడిగా వుంటుంది.

డేగ శలభం పువ్వు మీద వాలదు. పువ్వు ముందు గాలిలో నిలబడి, నాలుక చాపి, తేనె తాగి ఇంకో పువ్వు దగ్గరికి వెళ్తుంది. మండూకా అయితే సెకనుకి ఇరవై అయిదు సార్లు రెక్కలాడిస్తుంది. విమానాల లెక్కల ప్రకారం చూస్తే ఆ రెక్కకి అంత బరువు మొయ్యగల శక్తి రాకూడదు. 1996లో కేంబ్రిడ్జిలో ఎల్లింగ్టన్ బృందం శలభాన్ని పొగలో ఎగరనిచ్చి, పదిరెట్లు పెద్ద యంత్రపు రెక్కని కూడా తయారుచేసి, రహస్యం పట్టుకున్నారు. రెక్క కిందికి కొట్టినప్పుడు దాని ముందు అంచు మీద ఒక సుడి పుట్టి, అంచుని అంటిపెట్టుకుని వుండి, రెక్కని పైకి పీలుస్తుంది. ఇవాళ చేతిలో పట్టే రెక్కలాడించే రోబోలు తయారుచేసేవాళ్ళందరూ ఆ సుడి గురించి చదవకుండా మొదలుపెట్టరు.

ఇదంతా చీకట్లో జరుగుతుంది. అక్కడ ఇంకో చిక్కు. తక్కువ వెలుతురులో ఫొటో తియ్యాలంటే షట్టరు ఎక్కువసేపు తెరవాలి, అప్పుడు కదిలేది మసకబారుతుంది. శలభం కూడా అదే పని చేస్తుందని 2015లో స్పాన్‌బర్గ్ బృందం సైన్స్ పత్రికలో చూపించారు. రోబోకి ప్లాస్టిక్ పువ్వు తగిలించి అటూ ఇటూ ఊపుతూ, మండూకాని దాని వెంట తాగమన్నారు. వెలుతురు తగ్గిస్తే శలభం చూపు నెమ్మదిస్తుంది. పువ్వు సెకనుకి రెండుసార్ల కంటే వేగంగా ఊగితే వెంట రాలేదు. కానీ నిజం పువ్వులు గాలికి ఊగే వేగం చాలామటుకు ఆ రెండుకి లోపే! అవసరమైనంత ఫ్రేమ్ రేటు, అంతకి మించి ఒక్కటి ఎక్కువ లేదు. రంగుల సంగతి కూడా చెప్పాలి. మనకి నక్షత్రాల వెలుతురులో రంగులు తెలియవు. ఈ కుటుంబంలోదే ఎలిఫెంట్ హాక్ మాత్ అనే ఐరోపా శలభం ఆ వెలుతురులో రంగులు గుర్తుపడుతుందని 2002లో స్వీడన్‌లోని లుండ్‌లో తేల్చారు. ఆ ముగ్గురిలో ఒకాయన ఎరిక్ వారంట్, ఆస్ట్రేలియా వాడే.

చీకట్లో తెల్లటి పువ్వు వెతుక్కునే ఈ ప్రాణికి బొప్పాయితో పని పడుతుంది. మన ఊళ్ళలో మగ బొప్పాయి మొలిస్తే 'కాయదు' అని నరికేస్తారు. నరికేసి, ఆడ చెట్టు కాయలేదంటారు. మగ చెట్టుకి పొడుగు కాడలకి గుత్తులుగా సన్నటి గొట్టం పువ్వులు, లోపల తేనె. ఆడ పువ్వులో తేనె వుండదు. సాయంత్రం చీకటి పడే వేళ పరిమళం వస్తుంది, శలభం వస్తుంది. మగ పువ్వులు తాగుతూ, అదే వరసలో ఆడ పువ్వు దగ్గరికి కూడా పొరపాటున వెళ్ళి, మోసపోయి, పుప్పొడి అంటించి వస్తుంది. హెర్బర్ట్ బేకర్ అనే ఆయన 1976లో ఈ ఏర్పాటుకి 'పొరపాటు పరాగ సంపర్కం' అనే పేరే పెట్టాడు. అచ్చం బ్యాంకు పేజీలా కనిపించే దొంగ పేజీలు మన జీవితంలోకి రావడానికి ఎన్నో యుగాల ముందే బొప్పాయి ఈ విద్య నేర్చింది.

కెన్యాలో మార్టిన్స్, జాన్సన్ అనేవాళ్ళు బొప్పాయి తోటల్లో కూర్చుని లెక్కపెడితే కాయ కట్టించేది ముఖ్యంగా డేగ శలభాలే అని తేలింది. 2009లో అచ్చయిన ఆ పరిశోధనలో మన అగ్రియస్ కూడా వుంది. చుట్టుపక్కల అడవీ పొదా మిగిలిన తోటల్లో శలభాలు బాగా వచ్చాయి, దూరమయ్యే కొద్దీ తగ్గాయి. అసలు బొప్పాయి, చిలగడదుంప రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్కలు. ఈ శలభం పాత ప్రపంచానిది. అయినా ఒకదాన్ని పిల్లగా వున్నప్పుడు తింటుంది, రెండోదానికి పెద్దయ్యాక పెళ్ళి చేస్తుంది. ఈ ముగ్గుర్నీ కలిపినది మనుషుల ఓడలు, పెరళ్ళు.

బొప్పాయి మిత్రుడికి నేను చెప్పింది ఇది. మీ చెట్లు ఏ రకమో ముందు చూసుకోండి. కొట్లో కొన్న ఎర్ర బొప్పాయి గింజలైతే ఆడా మగా కలిసిన పువ్వులు వచ్చే చెట్లు చాలా వుంటాయి, వాటికి శలభంతో పని లేదు, కాయ రాలితే చలో నీళ్ళో కారణం కావచ్చు. అన్నీ ఆడ చెట్లే అయితే ఏ ఎరువు వేసినా లాభం లేదు. దగ్గర్లో మగ చెట్టు ఒకటి వుండాలి, దాని దగ్గర్నుంచి ఇక్కడికి వచ్చేవాడు ఒకడు వుండాలి. పెరట్లో రాత్రంతా వెలిగే పెద్ద లైటు వుంటే ఆపెయ్యండి.

ఇక మందు. ఇక్కడి నర్సరీల్లో గొంగళిపురుగులకని అమ్మే డైపెల్ లాంటివాటిలో వుండేది బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా. దీని పొట్టి పేరు బి.టి. అనగానే గుంటూరు, వరంగల్ వాళ్ళకి పత్తి గుర్తొస్తుంది. ఆ బాక్టీరియా జన్యువు ఎక్కించిన పత్తికే ఇండియాలో 2002లో అనుమతి వచ్చింది. ఆస్ట్రేలియాలో అంతకు ఆరేళ్ళ ముందే, 1996లో వచ్చింది. ఇది పని చేసే తీరు ముచ్చటైనది. మన పొట్టలో ఆమ్లం వుంటుంది. గొంగళిపురుగు పొట్టలో దానికి ఎదురు, గాఢమైన క్షారం. మండూకా పేగులో పి.హెచ్. పది దాటుతుంది. బి.టి. చేసే ప్రోటీను పలుకులు ఆ క్షారంలోనే కరుగుతాయి. కరిగాక పురుగు సొంత ఎంజైములే దాన్ని కత్తిరించి ఆయుధంగా మారుస్తాయి. ఆ ఆయుధం పేగు గోడ మీద ఒక తాళం వెతుక్కుని, దాన్ని పట్టుకుని, కన్నాలు పొడుస్తుంది. కొన్ని గంటల్లో పురుగు తినడం మానేస్తుంది. ఆ తాళం ఏ ప్రోటీనో మండూకాలో జన్యువుతో సహా పట్టుకుని 1995లో ప్రచురించిన పరిశోధన పత్రంలో మొదటి పేరు ఆర్. కె. వడ్లమూడి. అప్పుడు వయోమింగ్ విశ్వవిద్యాలయం. ఆ ఇంటిపేరు ఏ జిల్లాదో మీకు చెప్పక్కర్లేదు!

బి.టి. మనకి, తేనెటీగకి, పెద్ద శలభానికి హాని చెయ్యదు. ఆకు తినే గొంగళిపురుగుకే చేస్తుంది. ఎండకి కొద్ది రోజుల్లో విరిగిపోతుంది. అందుకే పెరటి మందుల్లో ఇది మంచిదనే నా అభిప్రాయం. కానీ దానికి ఈ గొంగళి ఆ గొంగళి అన్న తేడా లేదు, ఆకు తిన్న ఏ సీతాకోక పిల్లయినా పోతుంది. రెండో సంగతి, ఇది చిన్న పురుగుల మీద బాగా పనిచేస్తుంది. వేలెడు పొడుగయ్యాక కొడితే డబ్బు దండగ. ఇక మొక్క ఒంటినిండా పాకే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు తినే పంట మీద పెరట్లో కొట్టవద్దనే చెబుతాను.

చిలగడదుంప మిత్రుడి దగ్గర లెక్కపెడితే పన్నెండు పురుగులు తేలాయి. చిలగడదుంప తీగ గట్టిది, కొన్ని ఆకులు పోయినా మళ్ళీ చిగురేసి దుంప పెంచుకుంటుంది. ఆస్ట్రేలియా చిలగడదుంపల్లో చాలా భాగం పండే బండబర్గ్‌లో ఎకరాల లెక్కన వేసినవాళ్ళ లెక్క వేరు, నాలుగు మళ్ళు వేసిన మనకి ఆ భయం అక్కర్లేదు. బ్రిస్బేన్ వాగుల పక్కన, రైలు కంచెల మీద మార్నింగ్ గ్లోరీ కలుపు మొక్కగా విపరీతంగా పెరుగుతుంది. పురుగుల్ని ఆకుతో సహా తుంచి అక్కడికి మార్చమన్నాను. ఆయన శనివారం పొద్దున పిల్లల చేత మార్పించారు. బాగా ముదిరిన మూడింటిని కదపలేదు, అవి ఎలాగూ రెండు రోజుల్లో మట్టిలోకి దిగేవే. కొన్ని కొత్త ఆకు తినలేదు, కొన్ని తిన్నాయి. పుట్టినప్పటి నుంచి ఒకే ఆకు తిన్న పురుగుకి పక్కింటి వంట ఓ పట్టాన ఎక్కదు మరి.

మార్చితే మాత్రం ఒక జాగ్రత్త. తొండం వున్న ఎర్రటి ప్యూపా తవ్వులో బయటపడితే చేత్తో నలపకుండా, ఒక కుండీలో నాలుగంగుళాల తడి మట్టి పోసి పైన పెట్టి, వదులుగా ఆకులు కప్పండి. తడి ఆరనివ్వకండి, నీళ్ళు నిలవనివ్వకండి. పైకి వచ్చాక ఎక్కి రెక్కలు వేలాడదీసుకోవడానికి కుండీలో ఒక పుల్ల గుచ్చి వుంచాలి. అది లేకపోతే రెక్కలు ముడుచుకుపోయి ఎగరలేదు. ఇంకా లోతుగా చూడాలనుకునేవాళ్ళకి మౌల్డ్స్, టటిల్, లేన్ కలిసి రాసిన 'హాక్‌మాత్స్ ఆఫ్ ఆస్ట్రేలియా' వుంది. సి.ఎస్.ఐ.ఆర్.ఓ. వాళ్ళు 2020లో వేశారు. ఖరీదు ఎక్కువే, లైబ్రరీలో అడిగి చూడండి.